ఒకే తెర ముందు కూర్చున్న బాల్యం
(ఉపాధ్యాయుల, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బాలల టెలివిజన్ కార్యక్రమాలను గూర్చిన నాటి జ్ఞాపకాలను నేడు నన్ను ముచ్చటించుమన్నారు. జ్ఞాపకం తీపిని ఏరుకొని చేదును జారవిడుస్తుంది. ఆ తీపిని నేను కాదనను. అయితే ఒక తరం పిల్లలకు దేశమంతటా ఒకే విధమైన జ్ఞాపకాలు ఎట్లు కలిగినవి, ఆ భాగ్యం ఎవరికి దక్కలేదు అనే రెండు ప్రశ్నలను కూడ మీ ముందుంచదలచాను.

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైనది. చాలకాలం అది నగరవాసుల ముచ్చటగానే ఉండిపోయినది. అది పెద్దయెత్తున పల్లె పిల్లల ముందుకు వచ్చినది 1975 ఆగస్టు 1న. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు వినియోగించుకొని, ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా, కర్ణాటక, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించారు. ‘సైట్’ అని పేరుపొందిన ప్రయోగం ఇదే. ఉదయపు ప్రసారం బడిపిల్లల కొరకు, సాయంకాలపు ప్రసారం పెద్దల కొరకు. ఇనుపవలతో అల్లిన పది అడుగుల గిన్నె ఆకాశం వైపు నోరు తెరచి నిలిస్తే, అంతవరకు సినిమా తెరను కూడ ఎరుగని పిల్లలు కదిలే బొమ్మలను చూచారు.

ఆ ఏర్పాటులో ఒక విశేషమున్నది. ఉపగ్రహం ఒక చిత్రంతో పాటు రెండు ధ్వనులను పంపగలిగేది. అనగా ఒకే బొమ్మను ఒక ఊరి పిల్లవాడు ఒక భాషలో, మరొక ఊరి పిల్లవాడు వేరొక భాషలో వినుటకు వీలుండెను. చూపు ఒకటి, మాట ఎవరిది వారికి. సమైక్యతకు ఇంతకంటె చక్కని నిర్వచనం నాకు కనబడలేదు. 1976 జులై 31న ఆ గడువు తీరినది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వెలసినది. 1982లో రంగుల ప్రసారాలు, జాతీయ కార్యక్రమం మొదలైనవి.

ఆ కాలపు పిల్లలలో ఏ రాష్ట్రం వారిని అడిగినా ముందుగా తలచుకొనేది 1974లో ఫిలిమ్స్ డివిజన్ నిర్మించిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ అనే చిన్న బొమ్మల చిత్రాన్ని. విజయా మూలే దర్శకత్వం, భీమ్‌సేన్ బొమ్మలు, వినయచంద్ర మౌద్గల్య రచన, వసంత్ దేశాయి సంగీతం. ఏడు నిమిషాల నిడివి. ఒకటి అంటే ఏమి, అనేకం అంటే ఏమి అని తమ్ముడు అడిగితే అక్క కథగా చెబుతుంది. వలలో చిక్కిన పక్షులు ఒక్కుమ్మడిగా ఎగిరి వలనే ఎత్తుకుపోతాయి. మిత్రులైన ఎలుకలు వల కొరికి విడిపిస్తాయి.

హిందీ రాని తెలుగు పిల్లలకు ఇది ఎట్లు అర్థమైనది? వారికి ఆ కథ ముందే తెలుసును. అది చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ మిత్రలాభంలోని చిత్రగ్రీవుని కథ. అంతకు ముందు పంచతంత్రంలోనిది. 1985లో వచ్చిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ విషయమూ ఇంతే. భుజాన శవం, శవంలో బేతాళుడు, చివర ఒక చిక్కుప్రశ్న – ‘చందమామ’ చదివిన పిల్లవానికి వేరే దుబాసీ అవసరమా? కాశ్మీర దేశపు సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’లో చేర్చిన ఈ కథలు ఎన్నడో అన్ని భాషలలోను కాపురముంటున్నవి. తెర ఐక్యతను పుట్టించలేదు. ఉన్న ఐక్యతను కంటికి చూపినది.

‘మాల్గుడి డేస్’ను చూడండి. మద్రాసులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఆర్.కె. నారాయణ్ ఇంగ్లీషులో వ్రాసిన కథలవి. కన్నడ కళాకారుడు శంకర్ నాగ్ వాటిని మలెనాటి అగుంబెలో చిత్రించారు. 1986లో అవి హిందీలో ఇంటింటికీ వచ్చినవి. బడికి ఎగనామం పెట్టజూచే స్వామి ఏ భాషవాడని ఏ పిల్లవాడూ అడుగలేదు. తన తరగతివాడే అనుకున్నాడు.

ఇక చూచిన తీరు. వీథికి ఒక పెట్టె. తలుపులున్న కొయ్యబీరువాలో నలుపు తెలుపు బొమ్మ. గాలివీస్తే మేడమీద ఏంటెన్నా తిరిగిపోయేది. ఒకడు పైకెక్కి త్రిప్పుతుంటే, క్రింద ఒకడు “వచ్చింది, మళ్లీ పోయింది” అని అరిచేవాడు. ఆదివారం ఉదయం మా వీథి పిల్లలందరం ఆ ఇంటి చాప మీదనే కూర్చునేవారము.

అందరమూ అన్నాను, అది నిజం కాదు. కొందరు చాప మీద, కొందరు గడప అవతల, కొందరు కిటికీ ఊచలు పట్టుకొని నిలిచేవారు. ఎవరు ఎక్కడ ఉండవలెనో ఆ ఊరి కట్టుబాటు నిర్ణయించినది. తెర మీద పక్షులన్నీ కలసి ఎగురుతున్న ఆ నిమిషంలోనే కిటికీ బయట ఒక బాలిక మునివ్రేళ్ల మీద నిలిచి చూచేది. ఆ పాఠం ఆమెకు ఎక్కువ అర్థమైనదో, మాకో! ఏ ఊచలూ లేని సామూహిక ప్రదర్శన బడిలోనే సాధ్యం. ‘సైట్’ కార్యక్రమాలు బడిపిల్లలను ఉద్దేశించుటలోని విలువ అదియే.

నేటి పిల్లవానికి చేతిలోనే తెర ఉన్నది. ఎంపికకు కొదువ లేదు. తన భాషలోనూ చూడవచ్చును. ఇది మేలే. కాని ప్రక్కవాడు చూచేది వేరు. రేపు ఇరువురు అపరిచితులు రైలులో కలిస్తే, “నీవూ చూచావా?” అని మాట కలుపుకొనేందుకు ఉమ్మడి సొత్తు ఏమి మిగులును?

అందుచేత మూడు మనవులు. గ్రంథాలయాధికారులారా, మీ ఊరి పెద్దలు బాల్యంలో ఏమి చూచారో, ఎక్కడ కూర్చొని చూచారో విద్యార్థుల చేత వ్రాయించి భద్రపరచండి. ఉపాధ్యాయులారా, నెలకొకసారి తరగతినంతా ఒకే తెర ముందు కూర్చుండబెట్టి, చూచిన కథను ఎవరి ఇంటి భాషలో వారిని చెప్పనీయండి. గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలను ముందు పిలవండి. విద్యార్థులారా, మీరు చూచేటప్పుడు ఒక్కసారి కిటికీ వైపు చూడండి. అక్కడ ఎవరైనా నిలిచి ఉంటే, జరిగి చోటు ఇవ్వండి.