కంప్యూటర్ తెరపై చర నిరోధకం



పాత రేడియోలో శబ్దాన్ని పెంచే, తగ్గించే నాబ్ మీలో చాలామంది చూసే ఉంటారు. దాని వెనుక ఉండేది పొటెన్షియోమీటర్ అనే చర నిరోధకం. ఇందులో వంపుగా ఒక కార్బన్ పట్టీ, దాని రెండు కొనలకు రెండు కాళ్లు, పట్టీపై జారే స్పర్శకు మూడో కాలు ఉంటాయి. నాబ్ తిప్పితే స్పర్శ జరుగుతుంది, నిరోధం మారుతుంది. మరి కంప్యూటర్ తెరపై వలయం గీసినప్పుడు ఆ నాబ్‌ను ఎవరు తిప్పుతారు? ఈ రోజు మనం తెలుసుకోబోయేది అదే.

వలయాలను కంప్యూటర్‌పై పరీక్షించే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి మూలం 'స్పైస్'. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ డోనాల్డ్ పెడర్సన్ మార్గదర్శకత్వంలో లారెన్స్ నాగెల్ రూపొందించిన ఈ ప్రోగ్రామ్ 1973లో వెలుగు చూసింది. దాని వారసుల్లో ఒకటైన ఎన్‌జీస్పైస్ ఆధారంగా ఐఐటీ బొంబాయి వారు 'ఈసిమ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తయారు చేశారు. నేను మాట్లాడుతున్న ఈ గురుగ్రామ్‌లో చదివే విద్యార్థి అయినా, మన జిల్లాల్లో ప్రయోగశాల సరిగా లేని కాలేజీ విద్యార్థి అయినా, కంప్యూటర్ ఒకటి ఉంటే దీన్ని వాడుకోవచ్చు.

స్పైస్ మూలకాల్లో నిరోధకం ఉంది, కెపాసిటర్ ఉంది, డయోడ్ ఉంది. పొటెన్షియోమీటర్ మాత్రం లేదు. దాన్ని మనమే తయారు చేసుకోవాలి. ఎలాగో చూద్దాం.

జారే స్పర్శ పట్టీని రెండు భాగాలు చేస్తుంది కదా! కాబట్టి రెండు నిరోధకాలను శ్రేణిలో కలిపి, అవి కలిసే బిందువును మధ్య కాలు అనుకోండి. మొత్తం నిరోధం 10 కిలో ఓమ్‌లు. నాబ్ స్థానాన్ని 'క్ష' అందాం. కింది నిరోధకం విలువ 10 కిలో ఓమ్‌లు ఇంటూ క్ష. పైదాని విలువ 10 కిలో ఓమ్‌లు ఇంటూ ఒకటి మైనస్ క్ష. ఒకటి పెరిగితే రెండోది అంతే తగ్గుతుంది. మొత్తం మారదు.

ఇక నాబ్ తిప్పడమంటే క్ష విలువ మార్చడమే. ఎల్‌టీస్పైస్‌లో 'స్టెప్' అనే ఆదేశం ఇస్తే, మనం చెప్పిన ప్రతి విలువకూ వలయాన్ని మళ్లీ సాధించి, ఫలితాలన్నిటినీ ఒకే గ్రాఫ్‌లో చూపుతుంది. క్షకు సున్నా గాని, ఒకటి గాని ఇవ్వకండి. అప్పుడు ఒక నిరోధం సున్నా అవుతుంది. సాఫ్ట్‌వేర్ లెక్కలో 1ని నిరోధంతో భాగించాలి, సున్నాతో భాగించడం కుదరదు. అందుకే 0.001 నుంచి 0.999 వరకు తీసుకోండి.

ఒక ఉదాహరణ చూద్దాం. కొనల మధ్య 5 వోల్టులు ఇచ్చి, నాబ్‌ను సరిగ్గా మధ్యలో ఉంచాం. మధ్య కాలు దగ్గర 2.5 వోల్టులు వస్తాయి. ఇప్పుడు మధ్య కాలికీ భూమికీ నడుమ 10 కిలో ఓమ్‌ల లోడ్ కలపండి. కింది 5 కిలో ఓమ్‌లు, లోడ్ సమాంతరంగా కలిసి 3.33 కిలో ఓమ్‌లు అవుతాయి. వోల్టేజి 2కు పడిపోతుంది. నాబ్ కదలలేదు, వోల్టేజి మారింది! గ్రాఫ్‌లో సరళరేఖ వంగినట్లు మీరే గమనిస్తారు.

అయితే సాఫ్ట్‌వేర్ చెప్పని సంగతి ఒకటుంది. ఇదే పొటెన్షియోమీటర్‌ను రెండు కాళ్లతోనే వాడి, 5 వోల్టులతో, 220 ఓమ్‌ల నిరోధకంతో ఒక ఎల్‌ఈడీని శ్రేణిలో కలిపామనుకుందాం. ఎల్‌ఈడీ 2 వోల్టులు తీసుకుంటుంది. పట్టీలో 100 ఓమ్‌లే మిగిలేలా తిప్పితే ప్రవాహం సుమారు 9.4 మిల్లీ ఆంపియర్లు, ఆ భాగంలో పుట్టే వేడి 8.8 మిల్లీ వాట్లు. పొటెన్షియోమీటర్‌పై పావు వాటు, అంటే 250 మిల్లీ వాట్లు అని ఉంది కనుక ప్రమాదం లేదనిపిస్తుంది. కాని ఆ 250 మొత్తం పట్టీకి సంబంధించినది. పట్టీలో నూరో వంతు వాటా 2.5 మిల్లీ వాట్లే. దానిపై మూడున్నర రెట్ల భారం పడుతోంది! ఈ పట్టీ భరించగల ప్రవాహం 5 మిల్లీ ఆంపియర్లే. తెరపై ఏదీ కాలదు, పొగ రాదు. ప్రయోగశాలలో మాత్రం పట్టీ ఆ చోట చెడిపోవచ్చు. దీనికి బదులు అదే పావు వాటుకు 1 కిలో ఓమ్ పొటెన్షియోమీటర్ తీసుకుంటే, అది 15.8 మిల్లీ ఆంపియర్ల వరకు భరిస్తుంది. నాబ్‌ను చివరిదాకా తిప్పినా ఈ వలయంలో ప్రవాహం 13.6 మిల్లీ ఆంపియర్లు దాటదు.

కాబట్టి తెరపై ఫలితం రాగానే ఆగిపోకండి. ప్రతి భాగంలో ప్రవాహమెంతో చూసి, ఆ భాగం భరించగల విలువతో పోల్చండి.

మీకొక అభ్యాసం: మొదటి ఉదాహరణలో లోడ్‌ను 100 కిలో ఓమ్‌లు చేసి, మధ్య స్థానంలో వోల్టేజి ఎంతో ముందు కాగితంపై లెక్క వేయండి. 2.44 వోల్టులు రావాలి. తరువాత కంప్యూటర్‌పై సరిచూసుకోండి. సెలవు.