వైద్యశాలా పరిచర్య - మన యువజనుల వృత్తిశిక్షణము
(విశాఖపట్టణము పూర్ణా మార్కెట్టునందు జరిగిన వార్షిక మహాసభలో గావించిన యుపన్యాసము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు పలుకుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. విద్య యనగానే మనవారి నోట రెండు పేర్లే వినవచ్చును: డాక్టరు, ఇంజనీరు. మన విద్యానిధియు ఆ రెండు త్రోవలనే నడచుచున్నది. ఆ త్రోవలు మంచివే. కాని యింటర్మీడియేటు ముగించి, పై చదువునకు ధనము చాలక, ఈ మార్కెట్టు అంగళ్లలో తండ్రిప్రక్క కాటా పట్టుకొని నిలిచిపోవు బాలురును, పెండ్లికై యింట గూర్చుండు బాలికలును మనలో నెందరో కలరు. వారి పక్షమున నేడు మాటలాడదలచితిని.

ఈ మార్కెట్టునకు కొలదిదూరముననే కింగ్ జార్జి వైద్యశాల యున్నది. 1923వ సంవత్సరము జూలై 19వ తేదీన పానగల్లు రాజాగారు దానిని ప్రారంభించిరి. ఆ యేటనే వైద్యకళాశాలయు నెలకొల్పబడి, 1940లో ఆంధ్ర వైద్యకళాశాల యను పేరు వహించినది. నూరేండ్లకు పైగా మనమా వైద్యశాలకు రోగులమై పోవుచున్నాము. అచ్చట పనివారమై పోవలెనను తలంపు మాత్రము మనలో చాలమందికి కలుగలేదు.

దీనికి కారణమును దాచక చెప్పుకొందము. 1883లో అమెరికానుండి గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు 1898లో అచ్చట వైద్యశాల తెరచినది. తెలుగునాట నర్సుల శిక్షణము తొలిదినములలో చాలవరకట్టి మిషను వైద్యశాలలందే పెరిగినది. పరుల వ్రణము ముట్టుట మైల యని తలచిన కులములవారు తమ యాడుబిడ్డల నా పనికి పంపరైరి. మన పెద్దలును ఆ తలంపు గలవారే. నేటికిని రాత్రిపూట డ్యూటీ చేయు పిల్ల యనగానే సంబంధము వలదనువారు మనలో లేకపోలేదు.

2021లో మా పెదనాన్నగారు కోవిడు వార్డులో పండ్రెండు దినములు ఉండిరి. మాలో నొక్కరికిని లోనికి బోవ వీలులేకపోయెను. ఆయన నోట నీరు పోసినది, ప్రక్క మార్చినది, ఫోను చెవియొద్ద నుంచి మా గొంతు వినిపించినది ఒక వార్డు పరిచారిక. ఆమె కులమేదని మేమడుగలేదు. ఆయన యిల్లు చేరినపిదప నేను సిగ్గుపడితిని. మన తల్లిదండ్రులకు పరులు చేయదగిన పని, మన బిడ్డలు చేయగూడనిదెట్లగును?

ఇది చేతగానివాడు చేయు పని కాదు. కదలలేని రోగిని వేళతప్పక, సాధారణముగా రెండేసి గంటలకొకమారు, ప్రక్కకు త్రిప్పనిచో వీపున పుండ్లు పడును. వైద్యశాల వ్యర్థములను పసుపు, ఎరుపు, తెలుపు, నీలి పాత్రలలో దేని దానిలోనే వేయవలెను. సూది పొరపాటున వేరొకదానిలో పడినచో ఊడ్చువాని చేతికి గ్రుచ్చుకొనును. మనము వర్తకులము. తప్పు తూచిన సరకును మరల తూచి యీయవచ్చును. రక్తపు గొట్టముపై రోగి పేరు తప్పు వ్రాసినచో మందు తప్పును; ప్రాణమే పోవచ్చును. ఆ జాగ్రత్త శిక్షణమువలననే కలుగును.

ఇక మార్గములను జెప్పెదను. ఏ.ఎన్.ఎం. శిక్షణము రెండేండ్లు; ఇంటర్మీడియేటులో ఏ గ్రూపు చదివిన బాలికయైనను చేరవచ్చును. జి.ఎన్.ఎం. మూడేండ్లు, అది ముగించి రిజిస్టరైన పిదప మరి రెండేండ్లు చదివినచో బి.యస్సీ. నర్సింగు పట్టము లభించును. ఫార్మసీ డిప్లొమా రెండేండ్లు. ఆపై మందుల దుకాణమునందో, వైద్యశాలయందో అయిదువందల గంటల అనుభవశిక్షణము. ల్యాబ్ టెక్నీషియను డిప్లొమాయు రెండేండ్లదే. వీనికిని చాలనివారికి జనరల్ డ్యూటీ అసిస్టెంటు వంటి కొలది నెలల శిక్షణములు కలవు. 2021 జూన్ 18న కేంద్రప్రభుత్వము ఇండ్లలో పరిచర్య, నమూనాల సేకరణము మొదలగు ఆరు పనులలో లక్షమందికి శిక్షణ మీయ సంకల్పించి, అట్టి కోర్సులనే ప్రారంభించినది. మొదటి జీతము స్వల్పమే, దాచి చెప్పను. కాని యిది తొలిమెట్టు.

ఒక హెచ్చరిక. మా బంధువుల బాలిక యొకతె, తండ్రి యప్పుచేసి ఫీజు కట్టగా, ఒక సంస్థలో ఆరునెలలు ల్యాబ్ పని నేర్చినది. చేతికి వచ్చిన పత్రము ఎచ్చటను చెల్లలేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము ప్రకారము, అనుబంధ ఆరోగ్యవృత్తి యని చెప్పదగిన డిప్లొమాకు రెండువేల గంటలకు తక్కువగాని శిక్షణము, రెండు మొదలు నాలుగేండ్ల కాలములో జరుగవలెను. ఆరునెలల పత్రము సహాయకుని పనికి చాలునేమో గాని, టెక్నీషియను కాజాలదు. గావున ఫీజు కట్టకముందు మూడు ప్రశ్నలడుగుడు: ఈ శిక్షణమును గుర్తించిన మండలి యేది? ముగిసిన పిదప ఏ రిజిస్టరులో పేరెక్కును? పని నేర్పు వైద్యశాల యేది, అందు రోగు లెందరు? ఈ మూడింటికి కాగితముపై జవాబీయని సంస్థ గడప త్రొక్కవలదు.

ఈ సభవారిని నేను కోరునవి మూడు. మన విద్యానిధిలో ఒక భాగమును ఈ శిక్షణములకై ప్రత్యేకించుడు. సంస్థల గుర్తింపును విచారించి చెప్పుటకు మన వైద్యులతోడను, నర్సులతోడను ఒక చిన్న యుపసంఘము నేర్పరచుడు. వచ్చు వార్షికోత్సవమున వైద్యపట్టము పొందినవారికి శాలువ కప్పు వేదికపైననే, ఏ.ఎన్.ఎం. ముగించిన బాలికకును శాలువ కప్పుడు. మూడవదానికి ధనము పట్టదు, మనసు పట్టును. అదియే కష్టమైనదని నేనెరుగుదును. పెద్దలు ముందు నడచినచో పిన్నలు వెనుదీయరు.