కొత్త కంప్యూటరు – బాలారిష్టములు

"కొత్త వింత, పాత రోత" అని సామెత. కొత్త వస్తువును చూచి మురియుట మానవ స్వభావము. ఆ మురిపెముతోపాటు, కొత్తది గనుక దీనిలో లోపముండదను నమ్మకము కూడ మన మనస్సున చేరును. యంత్రముల విషయమున ఈ నమ్మకము నిలువదు. ఎలక్ట్రానిక్ పరికరములు చెడు తీరును గూర్చి ఇంజనీర్లు ఒక గీత గీచి చూపుదురు. తొలి దినములలో చెడునవి ఎక్కువ. పిదప ఏండ్ల తరబడి తక్కువ. ముదిమి వచ్చిన తరువాత మరల ఎక్కువ. రెండు కొనలు లేచి నడుమ చదునుగా నుండు ఆ గీత స్నానపు తొట్టి ఆకారమున నుండును. తొలిదశలోని నష్టమునకు వారు పెట్టిన పేరు శిశుమరణము. మన పెద్దల భాషలో వీనిని బాలారిష్టములనవచ్చును.

కొత్త డెస్క్‌టాప్ కంప్యూటరు మాటిమాటికి ఆగిపోవుట అట్టి అరిష్టములలో నొకటి. నేడు ఎన్నో ఇండ్లలో పిల్లల చదువునకు, వ్యాపారపు లెక్కలకు, దరఖాస్తులకు, పెండ్లి ఫొటోలు దాచుకొనుటకు కంప్యూటరే ఆధారము. నెలల తరబడి కూడబెట్టి కొన్న యంత్రము రెండవ వారముననే కన్ను మూసి తెరచుచుండినచో ఆ ఇంటివారి బాధ సామాన్యమైనది కాదు. అప్పుడు తలకొక మాట పుట్టును. పెద్దలు పిల్లల ఆటలను నిందింతురు. పిల్లలు కరెంటును నిందింతురు. పొరుగువారు వైరస్ అందురు. అమ్మిన వర్తకుడు, ఫార్మాట్ చేసి విండోస్ మరల వేసిన సరిపోవునని సెలవిచ్చును. ఈ నలుగురిలో ఎవరి మాటయైనను నిజము కావచ్చును. ఎవరిది నిజమో తేల్చు ఉపాయమును గూర్చి శ్రోతలకు నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఆగిపోవుట యనునది ఒకే రోగము కాదు. ఒక ప్రోగ్రాము మాత్రమే మూసుకొనిపోయి తక్కినవన్నియు నడచుచుండినచో తొలి అనుమానము ఆ ప్రోగ్రాముపైననే నిలుపవలెను. తెరపై బొమ్మ కదలక, మౌసు కూడ పలుకక నిలిచిపోవుట రెండవ తీరు; దీనినే వాడుకలో హ్యాంగ్ అగుట యందురు. ఒక సందేశముతో, ఒక సంకేతముతో నిండుతెర ప్రత్యక్షమగుట మూడవది. ఆ తెర చాల కాలము నీలిరంగున నుండెడిది. 2025 నుండి విండోస్ 11లో నలుపు రంగు దాల్చినది. ఏ సందేశమును లేక, దీపమార్పినట్లు యంత్రము మొత్తము ఆరిపోవుట నాలుగవది. ఈ నాలుగవ తీరున విద్యుత్తును, వేడిమిని ముందుగా పరీక్షింపవలెను. కనుక "ఆగిపోయినది" అని ఊరకుండక, ఎట్లు ఆగిపోయినదో చెప్పగలుగుట సగము చికిత్స.

అయితే తెరపై కనబడు మాటను వేదవాక్యముగా గైకొనరాదు. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, దోషమొకచోట నుండగా దెబ్బ మరియొకచోట కనబడును. ఇందులకు 2024వ సంవత్సరము గొప్ప నిదర్శనము. ఇంటెల్ సంస్థ వారి 13వ, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు గల కంప్యూటర్లలో కొన్ని, ఆటలు ఆడునపుడు హఠాత్తుగా ఆగిపోవుచుండెను. "వీడియో మెమరీ చాలలేదు" అను సందేశము తెరపై వచ్చుచుండెను. చదివినవారు సహజముగా గ్రాఫిక్స్ కార్డును అనుమానించిరి. ఆ ఏప్రిలు మాసమున, గ్రాఫిక్స్ కార్డుల చిప్పులు చేయు ఎన్విడియా సంస్థ, ఇట్టి ఇబ్బంది గలవారు ఇంటెల్ వారిని సంప్రదింపవలెనని సూచించినది. తరువాత కొంతకాలము మదర్‌బోర్డుల అమరికలపై అనుమానము నడచినది. తుదకు జూలై 22వ తేదీన ఇంటెల్ సంస్థ తన ప్రకటనలో, ప్రాసెసరులోని మైక్రోకోడు లోపమువలన అది అవసరమునకు మించిన వోల్టేజిని కోరుచున్నదని అంగీకరించినది. ఆగస్టులో సవరణ వచ్చినది. గ్యారంటీ గడువును 2 ఏండ్లు పొడిగించిరి. కాని అప్పటికే క్షీణించిన ప్రాసెసరును ఆ సవరణ బాగుచేయజాలదు, దానిని మార్చుకొనవలసినదే. మొరపెట్టుకొన్నది గ్రాఫిక్స్ కార్డు, నేరము ప్రాసెసరుది.

దీనికి సరిగా వ్యతిరేకమైన ఉదాహరణము అంతకు మూడు దినముల ముందే జరిగినది. జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతా సంస్థ పంపిన దోషయుక్తమైన సవరణ ఒకటి, ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడవేసినదని మైక్రోసాఫ్ట్ అంచనా వేసినది. అవి లేచుట, పడుట, మరల లేచుట. మన దేశపు విమానాశ్రయములలో ఆనాడు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చిరి. ఆ యంత్రములలో ఏ భాగమును చెడలేదు. సేఫ్ మోడ్‌లో తెరచి ఒక్క ఫైలు తొలగింపగా అవి యథాప్రకారము నడచినవి. ఒకచోట సామగ్రి చెడినది, వేరొకచోట సాఫ్ట్‌వేరు చెడినది. చూచువానికి రెండును ఒక్క తీరుననే కనబడినవి. కనుక ఊహ చాలదు, పరీక్ష కావలెను.

పరీక్షకు మూలధనము ఒక నోటుపుస్తకము. మా కేంద్రమున శబ్దములను కూర్చు గదికి వచ్చిన ఒక కొత్త కంప్యూటరు విషయమున ఇది మాకు బాగుగా బోధపడినది. అది 11 దినములలో 14 సార్లు ఆగినది. అమ్మినవారు రెండు పర్యాయములు విండోస్ మరల వేసి చూచిరి, గుణము కనబడలేదు. మేము పుస్తకమున అయిదు గడులు గీచితిమి: తేదీ, గంట, అప్పుడు జరుగుచున్న పని, తెరపై వచ్చిన మాట, అంతకు ముందు మేము చేసిన మార్పు. వారము తిరుగునప్పటికి పుస్తకమే మాటలాడసాగినది. యంత్రము ఊరకున్నపుడు ఎన్నడును ఆగలేదు. పొడవైన రికార్డింగులను జతచేయునపుడే ఆగినది. తెరపై సంకేతము పూటకొకటిగా మారుచుండెను. ఒక డ్రైవరులో దోషమున్నచో తరచుగా అదే సంకేతము తిరిగి తిరిగి వచ్చును. సంకేతములు నిలుకడ లేక మారుచుండినపుడు మెమరీని, అనగా ర్యామ్‌ను, అనుమానించుట యుక్తము.

ఆపై ఒక్కొక్క మార్పు మాత్రమే చేసితిమి. వేరొక గదిలోని ప్లగ్గునకు తగిలించితిమి, మరల ఆగినది. ర్యామ్ వేగమును హెచ్చించు అమరికను బయోస్‌లో తీసివేసితిమి, మరల ఆగినది. అప్పుడు పెన్‌డ్రైవునుండి నడచు మెమరీ పరీక్షను రాత్రియంతయు నడిపితిమి. తెల్లవారునప్పటికి తెరపై ఎర్రని వరుసలు నిలిచినవి. యంత్రమున రెండు ర్యామ్ పలకలున్నవి. ఒకదానినే ఉంచి పరీక్షింపగా దోషము లేదు. రెండవదానిని అదే గాడిలో ఉంచగా దోషములు. వేరొక గాడికి మార్చినను దోషములే. దీనితో గాడి నిరపరాధియని, పలకయే అపరాధియని తేలినది. పుస్తకమును చూపగా వర్తకుడు మారుమాట లేక కొత్త పలకను ఇచ్చెను.

అంతటితో కథ ముగియలేదు. ఆ దినములలో భద్రపరచిన వానిలో మూడు రికార్డింగుల నడుమ టిక్కు టిక్కుమను శబ్దములు దొర్లినవి. మెమరీ చెడినపుడు కంప్యూటరు ఆగిపోవుట ఒక విధమున మేలు. ఆగక నడచుచు, తప్పు అంకెలను ఒప్పు అంకెలవలె డిస్కుపై వ్రాయుటయే అసలు ప్రమాదము. ఆ మూడును గ్రామసీమలలో సేకరించిన నాట్లపాటలు. పాడినవారిలో ఒక వృద్ధురాలు అంతకు కొలది వారముల ముందే పరమపదించిరి. పని ముగియు వరకు మూలపు కార్డులను తుడువకుండుట మా గదిలో ఆచారమగుటచే ఆ కంఠము దక్కినది. కనుక శ్రోతలకు మా ప్రధానమైన మనవి ఇది: యంత్రము ఆగుట మొదలిడిన నాడే, చికిత్సకు పూర్వమే, మీ ఫైళ్లను వేరొక డిస్కుపైకి ఎక్కింపుడు. పాత ప్రతులను చెరపకుడు. జబ్బు కుదిరిన పిదప, జబ్బు దినములలో భద్రపరచిన వానిని తెరచి సరిచూచుకొనుడు.

ఇక ఇంటిలో చేయదగిన పరీక్షల క్రమము. ఇంట గెలిచి రచ్చ గెలువవలెను గదా! మొదట విద్యుత్తు. మన గృహములకు 230 వోల్టులు రావలెను. సాయంకాలమున దీపములు మందగించు ఇండ్లలో అది తగ్గుచుండును. ఫ్రిజ్జు, నీటిమోటారు, ఇస్త్రీపెట్టె ఉన్న తీగపైననే కంప్యూటరును నిలుపక, ఎర్తింగు గల వేరు ప్లగ్గునకు తగిలించి చూడుడు. రెండవది వేడిమి. ప్రాసెసరు ఉష్ణోగ్రతను చూపు ఉచిత ప్రోగ్రాములు కలవు. పని ఒత్తిడిలో అది 100 డిగ్రీల సెల్సియస్ దరికి చేరుచుండినచో ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూడవలెను. ప్రాసెసరుపై కూర్చుండు కూలరు అడుగున అతికించిన పలుచని ప్లాస్టిక్ పొరను బిగించువారు తీయక మరచుట కూడ కలదు.

మూడవది ప్రయాణపు కుదుపు. బండిలో వచ్చిన యంత్రమున ర్యామ్ పలకలు, గ్రాఫిక్స్ కార్డు గాడులనుండి సడలవచ్చును. పెట్టె తెరచుటకు ముందు గ్యారంటీ నిబంధనలు చదువుడు. సీలు తీసినచో హక్కు పోవుననినచో ఆ పని అమ్మినవారిచేతనే చేయింపుడు. తెరచుట తగుననుకొన్నచో ప్లగ్గు ఊడదీసి, పెట్టెయొక్క లోహభాగమును తాకి, పిదప పలకలను తీసి గట్టిగా నొక్కి పెట్టుడు. ఎస్.ఎం.పి.ఎస్. అను విద్యుత్ పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ దానిలోని కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండును.

నాలుగవది విండోస్‌లోనే దాగియున్న దినచర్య. వెదకు గడిలో "రిలయబిలిటీ హిస్టరీ" అని ఇంగ్లీషున వ్రాసినచో, ఏ దినమున ఏది విఫలమైనదో ఎర్రని గుర్తులతో ఒక పట్టిక వచ్చును. ఎర్రగుర్తులు ఏ సవరణ వచ్చిన దినమునుండి మొదలైనవో చూడుడు. "కెర్నెల్ పవర్ 41" అను మాటను చూచి కరెంటు దోషమని తొందరపడరాదు. యంత్రము సక్రమముగా మూతపడకుండ తిరిగి లేచినదనుటయే దాని అర్థము. కారణమును అది చెప్పదు. అయిదవది, పైని చెప్పిన మెమరీ పరీక్ష. విండోస్‌లోనే ఒకటి కలదు. ఒక్క దోషము కనబడినను ఆ ర్యామ్‌ను నమ్మరాదు. బయోస్ సవరణ అవసరమైనచో తయారుచేసినవారి సైటునుండియే తెచ్చుకొని, కరెంటు పోవు భయము లేని వేళ చేయవలెను. నడుమ ఆగినచో మదర్‌బోర్డుకే మోసము వచ్చును.

ఈ పరీక్షలన్నిటికి ఒకటే నియమము: ఒకసారికి ఒక్క మార్పు. ఒకేపూట ర్యామ్ మార్చి, విండోస్ వేసి, ప్లగ్గు మార్చినచో, జబ్బు కుదిరినను ఏ మందుకు కుదిరినదో తెలియదు; తిరిగి వచ్చినపుడు మొదటికి వచ్చుటయే అగును.

పరీక్షలతో తేలినను, తేలకున్నను, గడువు దాటకముందే అమ్మినవారికి వ్రాతమూలకముగా తెలుపుడు. వస్తువును తిరిగి ఇచ్చు గడువు వేరు, గ్యారంటీ గడువు వేరు. మొదటిది చాల కొద్ది దినములే యుండును. ఫోనులో చెప్పిన మాట గాలికి పోవును. బిల్లు, పుస్తకము, తెరపై వచ్చిన సందేశముల ఫొటోలు జతచేసిన ఉత్తరము నిలుచును. అప్పటికిని వినకున్నచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము మనకు అండగా నున్నది. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చును. అక్కడ కూడ ముందుగా అడుగునది తేదీలే.

కంప్యూటరు విద్య నేర్వనివారు సైతము తేదీ, గంట, జరిగిన పని వ్రాయగలరు. ఇంటిలో పదియేండ్ల పిల్లవాడు కూడ ఈ పుస్తకము నడపగలడు. ఈ సాయంకాలము మీ యంత్రము మరల ఆగినచో, మీట నొక్కుటకు ముందు ఒక్క క్షణము నిలిచి, ఆ గంటను పుస్తకమున వ్రాసికొనుడు.