నల్ల బండికి ఏ వాక్స్ కొనాలి? ముందు ఆ పొడి గుడ్డ పక్కన పెట్టండి

ఇప్పుడు మనం మైపాడు బీచ్ దగ్గర ఉన్నాం. నెల్లూరు నుంచి సుమారు 25 కిలోమీటర్లు. వెనకాల సముద్రం, అటుపక్క రొయ్యల చెరువులు, మధ్యలో మన నల్ల బండి. ఈమధ్య నన్ను ఎక్కువ మంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, బ్లాక్ బండికి ఏ వాక్స్ మంచిది?" చెప్తాను. కానీ ముందు ఒక చిన్న టెస్ట్.

బండిని నీడలో పెట్టి, ఫోన్ టార్చ్ ఆన్ చేసి ట్యాంకు మీద వేయండి. వెలుగు చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తున్నాయా? వీటినే స్విర్ల్ మార్క్స్ అంటారు. తెల్ల బండికీ ఉంటాయి. కానీ తెలుపు మీద పడిన వెలుగు ఎలాగూ తిరిగొస్తుంది కాబట్టి గీతల మెరుపు అందులో కలిసిపోతుంది. నలుపు వెలుగుని మింగేస్తుంది, గీత ఒక్కటే మెరుస్తుంది. అందుకే నల్ల బండి మీద ఏ తప్పూ దాగదు.

ఈ బండి మీద గీతలు ఎవరు పెట్టారో తెలుసా? మా నాయన. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు బండి ఇక్కడ ఇంటి దగ్గరే ఉండేది. నాయన రోజూ పొద్దున్నే పాత బనియన్ గుడ్డతో ట్యాంకు తుడిచేవాడు. నీళ్ళు లేకుండా, పొడిగుడ్డతోనే. నేను సెలవుల్లో వచ్చి ఎండలో చూసి, "ఏంది నాయనా, ట్యాంకంతా గీకేశావ్!" అని గట్టిగా అరిచాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి బండి జోలికే రాలేదు.

అక్కడితో ఆగలేదు. కోపంలో రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా ఒకటి కొనుక్కొచ్చి, గీతలు పోయేదాకా రుద్దాను. ఇదిగో, ట్యాంకు అంచు దగ్గర పాలిపోయినట్టు కనిపిస్తోంది కదా? అది నేను చేసిందే. నాయన పెట్టిన గీతలు జాగ్రత్తగా పాలిష్ చేస్తే తగ్గేవి. నేను చేసింది మాత్రం మళ్ళీ పెయింట్ వేయిస్తే తప్ప పోదు.

ఎందుకంటే, మన బండి పెయింట్ ఒక్క పొర కాదు. కింద ప్రైమర్, దాని మీద రంగు, పైన క్లియర్ కోట్ అని రంగు లేని పొర. మెరుపంతా ఆ పై పొరదే. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే వెంట్రుక కంటే సన్నటి పొర అన్నమాట. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచి కొంచెం అరిగిపోతుంది. అంచుల దగ్గర ఇంకా త్వరగా పోతుంది. కోడ్‌లో తప్పు చేస్తే అన్‌డూ ఉంటుంది. దీనికి లేదు.

మరి ఇక్కడ గీతలు ఎందుకంత త్వరగా పడతాయి? సముద్రం పక్కన గాలిలో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తడి అవుతుంది. అందుకే పొద్దున్నే ట్యాంకు జిగటగా తగులుతుంది. ఆ జిగటకి ఇసుక అంటుకుంటుంది. ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం వెళ్ళే రోడ్డులో తిరిగేవాళ్ళకైతే బొగ్గు దుమ్ము కూడా. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దానికి 7. మామూలు ఇనుప కత్తికి 5.5 దగ్గర. ఇప్పుడు ఆలోచించండి, పొద్దున్నే పొడిగుడ్డతో తుడవడం అంటే ఏంటి? గరుకు కాగితంతో మెల్లగా రుద్దడమే.

మంచి విషయం ఏంటంటే, ఉప్పు నీళ్ళలో కరిగిపోతుంది. కాబట్టి మొదటి రూల్: ముందు నీళ్ళు, తర్వాతే చెయ్యి. గుడ్డ తగలకముందే పైనుంచి ధారగా నీళ్ళు పోయండి. తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్లో బండి షాంపూ, ఇంకోదాంట్లో మంచినీళ్ళు. మైక్రోఫైబర్ గుడ్డని షాంపూలో ముంచి తుడవండి, మంచినీళ్ళలో జాడించండి, మళ్ళీ షాంపూ. ట్యాంకు ముందు, చక్రాలు చివర. చక్రాలకి వేరే గుడ్డ. గుండ్రంగా కాదు, నిలువుగా తుడవండి. గుడ్డ కింద పడిందా, ఉతికేదాకా దాన్ని బండికి తగలనివ్వద్దు.

నీళ్ళ విషయంలో ఇంకో మాట. మన దగ్గర చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఎండలో ఆరిపోతే తెల్ల మచ్చలు పడతాయి. చాలా ఇళ్ళలో ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళు పట్టి బండి కడుగుతారు. అది ఇంకా నష్టం, ఎందుకంటే మిషన్ ఏరేసిన ఉప్పులన్నీ ఆ వదిలేసిన నీళ్ళలోనే ఉంటాయి. కడగడం బోరు నీళ్ళతో కానివ్వండి. చివర్లో మాత్రం తాగే నీళ్ళ క్యాన్‌లోంచి రెండు లీటర్లు పోసి, వెంటనే తుడిచేయండి.

ఇప్పుడు వాక్స్. షాపులో వాక్స్ పేరుతో మూడు రకాలు దొరుకుతాయి. డబ్బా వెనకాల చదివి కొనండి.

ఒకటి, క్లీనర్ వాక్స్ లేదా పాలిష్. వీటిలో రాపిడి పొడి ఉంటుంది, అంటే క్లియర్ కోట్‌ని అరగదీస్తాయి. గీతలు ఎక్కువైనప్పుడు ఎప్పుడో ఒకసారి వాడొచ్చు. నెలనెలా వద్దు.

రెండు, కార్నౌబా వాక్స్. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక రకం తాటి చెట్టు ఆకుల నుంచి తీస్తారు. నలుపు మీద ఇది ఇచ్చే లోతైన మెరుపు చాలా బాగుంటుంది. కానీ మన ఎండకీ ఉప్పుగాలికీ నెలా, నెలన్నరకి మించి నిలుస్తుందని ఆశపెట్టుకోకండి.

మూడు, సింథటిక్ సీలెంట్. ఇది పాలిమర్. మెరుపు కాస్త అద్దంలా ఉంటుంది, కానీ ఎక్కువ నెలలు నిలుస్తుంది.

నా సలహా: రోజూ కోస్తా రోడ్ల మీద తిరిగేవాళ్ళు సీలెంట్ తీసుకోండి. అక్టోబర్‌లో మన వానలు మొదలయ్యే ముందు ఒకసారి, ఎండాకాలం ముందు ఒకసారి వేయండి. ఆదివారాలు బండితో గడపడం ఇష్టమైతే కార్నౌబా. నలుపు రంగు కలిపిన బ్లాక్ వాక్స్ సన్న గీతల్ని కొన్నాళ్ళు దాచేస్తుంది, అంతే, తీసేయదు.

వేసేటప్పుడు బండి నీడలో, ట్యాంకు చల్లగా ఉండాలి. మే నెల మధ్యాహ్నం నల్ల ట్యాంకు మీద చెయ్యి కూడా పెట్టలేం. అప్పుడు వేస్తే ఎండిపోయి చారలు మిగులుతాయి. పల్చగా వేయండి. మందంగా వేస్తే మెరుపు పెరగదు, తుడిచే పని పెరుగుతుంది. పెట్రోల్ కొట్టించినప్పుడు మూత దగ్గర ఒలికితే వెంటనే తుడవండి, పెట్రోల్ వాక్స్‌ని కరిగించేస్తుంది.

కొన్ని చోట్ల వాక్స్ అస్సలు వద్దు. బ్రేక్ డిస్క్ మీద పడితే బ్రేక్ పట్టదు. టైరు మీద, సీటు మీద పడితే జారతారు. ఇది మెరుపు విషయం కాదు, ప్రాణం విషయం. మ్యాట్ బ్లాక్ బండి ఉన్నవాళ్ళు మామూలు వాక్స్ వేయకండి, అక్కడక్కడా మెరిసి మచ్చల్లా కనిపిస్తుంది. మ్యాట్‌కి వేరే ప్రోడక్టులు ఉన్నాయి. ఇంక డీజిల్‌తో, కొబ్బరినూనెతో తుడిస్తే ఆ పూట మెరుస్తుంది, సాయంత్రానికి ఊళ్ళో దుమ్మంతా దాని మీదే.

వాక్స్ ఉందో పోయిందో తెలియాలంటే నీళ్ళు చల్లండి. ముత్యాల్లా నిలబడితే ఉన్నట్టు. చాపలా పరుచుకుంటే పోయినట్టు.

చివరగా, మా నాయన సంగతి. ఆయన చేసిన తప్పు ఒక్కటే, నీళ్ళు పోయకపోవడం. ఆ మాట చెప్పాల్సింది నేను. చెప్పకుండా అరిచాను. కొడుకు బండి మీద దుమ్ము ఉండకూడదని రోజూ పొద్దున్నే లేచి తుడిచిన మనిషి ఆయన. పోయిన ఆదివారం నేనే రెండు బకెట్లు పెట్టి, "నాయనా, రా, ఇద్దరం కడుగుదాం" అని పిలిచాను. కాసేపు నిలబడి చూశాడు. తర్వాత లుంగీ ఎగ్గట్టి, మగ్గు తీసుకుని, "ముందు నీళ్ళా, షాంపూనా అబ్బయ్యా?" అన్నాడు.

ముందు నీళ్ళు. మీరూ అంతే. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో ఉప్పుగాలికి చైన్ తుప్పు పట్టకుండా ఏం చేయాలో చూద్దాం.