మచ్చును కొసరును
(వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



వర్తకమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు నన్ను గోరిరి. ముప్పదియైదేండ్లు పిల్లలచేత శబ్దమంజరి వల్లెవేయించినవాడను; తక్కెడ పట్టిన చేతులు మీవి, సుద్దముక్క పట్టిన చేయి నాది. అయినను రేపు సభ యెదుటికి రానున్న తీర్మాన మొకటి నన్నీ వేదిక నెక్కించినది. మన సంఘము ప్రకటించిన సంచికలను, అందలి వ్యాసములను, వంశవృత్తాంతములను, పద్దులను సభ్యులకు దక్క నన్యులకు జూపరాదనుట దాని సారము. దానినిగూర్చి చివర మనవిచేసెదను. ముందు వర్తకపు మాట.

మన యంగళ్లలో రెండు చక్కని తెలుగు మాటలున్నవి: కొసరు, మచ్చు. కొసరు బేరము ముగిసిన పిమ్మట నిచ్చునది. మచ్చు బేరమునకు ముందు జూపునది. కొసరుచే బాతగిరాకి నిలుచును, మచ్చుచే గ్రొత్తగిరాకి వచ్చును. స్టోన్‌హౌస్‌పేటలో బియ్యపు బస్తాప్రక్కను ఇనుపగొట్టము గ్రుచ్చి, వచ్చిన గింజలను కొనువాని యరచేత బోయుట మీలో జూడనివారు లేరు. అతడు వానిని నలిపిచూచును, ఒక గింజను బంట గొఱుకును, వాసన చూచును. అప్పటికిగాని ధర యడుగడు. గొట్టము గ్రుచ్చనీయని బస్తాలో నెంత మేలైన మొలగొలుకులున్నను దానిని ముట్టువా డుండడు.

ఈ మచ్చును దేశమంతటికిని జూపినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారు 1867లో గృష్ణామండలమందలి యెలకుఱ్ఱున జన్మించి, 1893లో బొంబాయినగరమున నమృతాంజనమును నెలకొల్పిరి. క్రొత్తమందు, పరస్థలము, కొనుడని యెంత చెప్పినను నమ్మువాడెవడు? వారు సంగీతసభలలో నా యంజనమును శ్రోతలకు వెలలేక పంచిపెట్టించిరి. ఆ తావు నెన్నుకొనుటయందలి తెలివిని నేను బలుమాఱు దలపోసియున్నాను. కచేరియనగా గంటలకొలది గూర్చుండుట, జనసమ్మర్దము, ఉక్క. తలనొప్పి వచ్చుటకు దగిన సమయమదియే. పైగా నిది కడుపులోనికి బుచ్చుకొని, గుణమిచ్చునో యీయదోయని వారము దినములు వేచియుండు మందు గాదు. కణతలకు రాచుకొన్న క్షణముననే చల్లదన మెఱుకపడును. రాచుకొననివాని ముక్కునకు గూడ బ్రక్కవాని పరిమళము సోకును. ఇక వేఱుగా జాటింపు వేయ నేల?

పంతులుగా రంతటితో నాగలేదు. 1908లో బొంబాయియందే యాంధ్రపత్రికను వారపత్రికగా బ్రారంభించి, 1914లో జెన్నపురియందు దినపత్రికగా వెలువరించిరి. 1924లో భారతిని స్థాపించిరి. అంజనముమీద వచ్చిన సొమ్ము పత్రికకు నూనెయైనది. పత్రిక తెలుగుల యింటింటికిని బోవుచు నంజనము పేరును వెంట గొనిపోయినది. ఇందు దానమెంత, వర్తకమెంత యని విడదీయుట నాచేతగాదు. విడదీయవలసిన యక్కఱయు గానరాదు.

ఇక మన మండలమునకే వచ్చెదను. ఈనాడు దినపత్రిక 1974లో విశాఖపట్టణమున బుట్టినది. 1989లో నది జిల్లాకొక చిన్నపత్రికను బ్రధానపత్రికతో జేర్చి యిచ్చుట కారంభించెను. అంతవఱకు బత్రికలో బేరు పడవలెనన్న మంత్రియో, దొంగయో కావలెను. జిల్లాపుటలు వచ్చిన పిమ్మట నూరి చెఱువు తెగిన మాటయు, బడిపైకప్పు కాఱిన మాటయు నచ్చుపడజొచ్చెను. తన యూరి పేరును అచ్చులో జూచుకొన్నవాడు మఱునాడు మరల జూడగోరును. చిన్న బట్టలకొట్టువాడు రాష్ట్రమంతటికిని బ్రకటన వేయలేడు, అక్కఱయు లేదు. జిల్లాపుటలో దక్కువవెలకు వేయగలడు. పత్రిక పాఠకుని బహిరంగమున నిలిపెను, పాఠకుడు పత్రికను బోషించెను.

1992లో దూబగుంటయం దేమి జరిగినదో మీ రెఱుగుదురు. అక్షరాస్యతా రాత్రిబడులలో నప్పుడప్పుడే యక్షరములు నేర్చిన స్త్రీలు, తాగుబోతు కాపురముల గతిని బాఠముగా జదివి, సారాదుకాణము మూయుడని లేచిరి. రోశమ్మగారి పేరు దేశమంతట మ్రోగెను. ఈనాడు పత్రిక యా యుద్యమమునకు బ్రత్యేకముగా బుటలనే కేటాయించినది. ఒక యూరిస్త్రీలు దుకాణము మూయించిరని చదివి వేఱొక యూరివారు లేచిరి. వారి వార్తయు మఱునాడు వచ్చెను. 1993 ఏప్రిలులో నెల్లూరుమండలమునను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. ఆ పత్రిక ధర్మమునకై చేసినదా, చందాదారులకై చేసినదా యని తర్కించువారు నేటికి నున్నారు. బడిపంతులుగా నాకు దోచునది వేఱు: రాత్రిబడి వాచకము ముగిసిన తరువాత నా స్త్రీలకు జదువ నేమున్నది? వారి సంగతినే వారు చదువుకొనునట్లు చేసినవాడు మచ్చు చూపినవాడే.

మచ్చు ఎల్లకాలము నిర్దోషమని మాత్రము నే జెప్పను. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో తన సేవల నారంభించి, 2017 మార్చి 31 వఱకు మాటకుగాని, సమాచారమునకుగాని వెల గొనలేదు. 170 దినములలో బదికోట్లమంది చేరిరి. పల్లెలందు సయితము యువకులు బంటు తెరలో బ్రపంచమును జూచిరి, మంచిదే. కాని యిది యరచేతిలో బోసిన గింజలు గాదు, బస్తాలకు బస్తాలు వీధిలో గుమ్మరించుట. అంతటి కొట్టుగది లేని యంగడివా డేమగును? ఎయిర్‌సెల్ 2018లో దివాలాయర్జీ పెట్టుకొనెను. మఱియొక విపరీతము: గూగుల్ మొదలగు సంస్థలు వెలలేక యన్నియు నిచ్చుచున్నవి, అచ్చట గొట్టము గ్రుచ్చబడునది మన బస్తాకే. మన మేమి వెదకితిమో, ఎచ్చట దిరిగితిమో వారెఱిగి, యాయెఱుక నాధారముగా బ్రకటనల నమ్ముకొందురు.

కావున రేపటి తీర్మానమును దెచ్చినవారి భయమును నేను నవ్వి త్రోసివేయను. మన సంచికలలో నవివాహితలగు బాలికల వివరములున్నవి, చిరునామాలున్నవి, దూరవాణి సంఖ్యలున్నవి. అవి యన్యుల కందరాదు. ఆ భాగమున నా యోటు తీర్మానమునకే. అయితే వ్యాసములు, చరిత్రములు, విద్యార్థివేతననిధి పద్దులు వీనిని దాచుటవలన మనకు వచ్చు మేలేమి?

నా పూర్వవిద్యార్థి యొకడు, మనవాడే, విదేశమున స్థిరపడినాడు. నిరుడు తన తల్లిగారి పేర బీదవిద్యార్థులకు బెద్దమొత్తము ధర్మము చేసినాడు. మన సంఘమునకు గాదు, వేఱొక సంస్థకు. ఏమి నాయనా యని యడిగితిని. "అయ్యవారూ, ఆ సంస్థ పద్దులు నేటివఱకు నాకు గంప్యూటరులో గనబడినవి, మన సంఘము వేతనము లిచ్చుచున్నదనియే నాకు దెలియదు" అనినాడు. అతని తాతగారి వ్యాసములు రెండు మన పాతసంచికలలో నున్నవి. ఆ మాటయు వాడెఱుగడు. ఇరువది యేండ్లుగా మనము వేతనము లిచ్చితిమి, లెక్కలు గట్టితిమి, బీరువాలో బెట్టి బీగము వేసితిమి.

ఇంకొక చిక్కున్నది. ఇటీవలి సంచికల ప్రతులు కంప్యూటరులో నున్నవికదా యందురు. అచ్చుకూటమువారు వాడిన యక్షరములు వారి సొంతసంకేతములతో గూడినవి. వానిని నేరుగ వెదకినచో నే తెలుగుమాటయు దొరకదు. వానిని యూనికోడునకు మార్పవలెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన2000, వేమన2000 అను నక్షరరూపములను వెలలేక లోకమున కిచ్చియున్నారు. కాబట్టి యక్షరములకు ఖర్చు లేదు. దిద్దువారి శ్రమ మాత్రమే కావలెను. ఆ దిద్దుబాటు నేను జేసెదను. కన్నులింకను బనిచేయుచునే యున్నవి.

తీర్మానమును రెండుగా విభజించి, చిరునామాలకును వివాహవివరములకును నొకటి, తక్కినవానికి నొకటిగా నోటునకు బెట్టవలసినదని యధ్యక్షులవారిని బ్రార్థించుచున్నాను. నాయొద్దనున్న మూడు పాతసంచికలను బుటపుటకును ఛాయాచిత్రములు తీయుమని మా మనుమని కిచ్చియే వచ్చితిని. మిగిలినవి కార్యాలయపు బీరువాలో నున్నవి. తాళపుచెవి కార్యదర్శిగారి మొలత్రాటనున్నదని వినికిడి.