ఆ బొమ్మకు ఎన్ని మార్కులు వేద్దాం?

(కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగం)



ఈ ఫోటో పట్నంలో హోటళ్ల గోడల మీద మీలో కొందరు చూసే ఉంటారు. ఉక్కు దూలం మీద పదకొండు మంది కూలీలు కాళ్లు వేలాడేసి సద్ది తింటున్నారు. కాళ్ల కింద న్యూయార్క్ నగరం. 1932 సెప్టెంబరు 20న, రాక్‌ఫెల్లర్ సెంటర్ కడుతుంటే 69వ అంతస్తు ఎత్తున తీశారు. బొమ్మ బాగుంది, కాదనం. గాజు పలక మీద తీసింది, మొహాలు స్పష్టంగా కనపడతాయి.

మేము బడిపంతుళ్లం. మార్కులు ఎందుకు వేశామో చెప్పాలి. స్పష్టతకు సగమే ఇస్తాం. మిగతా సగానికి ముందు అడుగుదాం: తీయించిందెవరు? కట్టడం యజమానుల తరఫువాళ్లే, ప్రచారం కోసం. కూలోళ్లు నిజం, ఎత్తు నిజం, కూర్చోబెట్టింది మాత్రం కెమెరా కోసం. పని దొరక్క అమెరికాలో లక్షల మంది రోడ్డున పడ్డ మాంద్యం రోజులవి. నడుముకు తాడు లేని మనుషుల్ని చూపి, ఆహా ధైర్యం అంటారు. తాడు ఎందుకు లేదని అడిగినోడు లేడు.

పదకొండు మందిలో ఒక్క నల్లమనిషి లేడు. కట్టుబడి పనుల సంఘాలు వాళ్లను చాలాకాలం గడప తొక్కనియ్యలేదు. కూలోళ్ల సంఘానికీ గడప ఉంటుందని మనకు ఒకరు చెప్పాలా!

దీని పక్కన లూయిస్ హైన్ బొమ్మలు పెట్టి చూడండి. ఆయనా మొదట పంతులే. బాలకార్మికుల్ని ఫోటోలు తీసి లోకానికి చూపించినవాడు. 1930–31లో ఎంపైర్ స్టేట్ భవనం కడుతుంటే తీశాడు. అక్కడ ఆయన్ను పెట్టుకున్నదీ యజమానులే, దాచాల్సిన పని లేదు. అయినా ఒక బొమ్మలో వయసు మళ్లినాయన దూలం మీద వంగి బోల్టు బిగిస్తున్నాడు. ఇట్లాంటి పనోళ్లలో చాలామంది నడివయసు దాటినోళ్లేనని హైన్ కింద రాశాడు. చెయ్యి, పనిముట్టు, ఒళ్లు వంగిన తీరు, వయసు, అన్నీ కనపడతాయి. మా లెక్కలో ఎక్కువ మార్కులు దీనికే.

పేరు మాత్రం అక్కడా లేదు. ఆ పదకొండు మంది పేర్లూ ఇప్పటికీ అన్నీ తేలలేదు. రాక్‌ఫెల్లర్ పేరు మాత్రం పోలేదు.

కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయి అంతస్తులు కడుతున్న మనోళ్లు ఫోన్లో ఫోటోలు పంపుతుంటారు. మసకగా ఉన్నాయని తుడిచెయ్యకండి. పేరు, ఊరు, తారీఖు, ఏం పని, ఎన్నో అంతస్తు, రాసి పెట్టండి. నడుముకు తాడు ఉందో లేదో గూడా రాయండి.