బ్యాటరీ మార్చే ముందు కేబులు చూడండి



బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్లు తోలే లారీ తెల్లవారి సెల్ఫ్ అందుకోక "టక్" మని ఊరుకుంటే, బ్యాటరీ పోయిందంటాము. అప్పు చేసి కొత్తది వేస్తాము. కొన్నాళ్లకు మళ్లీ అదే రోగం. చాలాసార్లు దోషం కేబులుది.

లారీకి 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిస్తే 24 వోల్టులు. ఇంజను తిప్పడానికి సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. 400 ఆంపియర్లు పోయే దారిలో ఓములో నూరో వంతు అడ్డున్నా 4 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పేరుకునే పొడి అలాంటి అడ్డే. మన ఎండలకు బ్యాటరీ నీళ్లు త్వరగా తగ్గుతాయి. అలాగని గొంతుదాకా పోస్తే యాసిడ్ పొంగి కేబులును తింటుంది.

ఛాసిసుకు పోయే ఎర్తు కేబులు ముందు విప్పండి, చివర బిగించండి. వంటసోడా నీళ్లు సెల్లుల్లో పడకుండా కడిగి, తీగబ్రష్షుతో మెరిసేలా రుద్ది, బిగించాక వాసలిన్ పూయండి. తొడుగు కింద రాగి నల్లబడి ఉంటే కేబులు మార్చవలసిందే. ఇంజనుకూ ఛాసిసుకూ నడుమనుండే ఎర్తు పట్టీని మరవకండి. బీడీ దగ్గరికి రానీయకండి. బ్యాటరీ వదిలే హైడ్రోజన్ పేలుతుంది.

ఒక్క మనవి. సెల్ఫ్ అందలేదని బండి కిందికి దూరి స్క్రూడ్రైవరుతో టెర్మినల్స్ కలపకండి. గేరులో ఉంటే లారీ మనిషి మీదికే కదులుతుంది. కేబులు బజార్లో దొరుకుతుంది, ఇంటికి ఆధారమైన మనిషి దొరకడు.